పెరటి కషాయానికి పసుంది.. పేరులేని పొడితోనే ముప్పు

అమలాపురం: నాట్లు ముగిసేసరికి కోనసీమ పల్లెల్లో మోకాళ్లు, నడుములు మొరాయిస్తాయి. రోజంతా బురదలో వంగి నాటిన ఆడవారికీ, ఏళ్ల తరబడి కొబ్బరిచెట్లెక్కి దింపు తీసినవారికీ తెల్లారి లేస్తే కీళ్లు కదలవు. వావిలాకు మరగకాచి కాపడం పెట్టుకోవడం, ఆముదం రాసుకోవడం, సొంఠి కషాయం తాగడం అమ్మమ్మల నాటి నుంచీ ఉన్నవే. వీటితో నిజంగా వాపు తగ్గుతుందా, లేక తగ్గినట్టు అనిపిస్తుందా అన్నది చాలామంది అడిగే ప్రశ్న.

వాపు ఎలా వస్తుంది?

వాపు నిజానికి ఒంటికి కాపలా. ముల్లు గుచ్చుకున్నా, కీలు అరిగినా ఒళ్లు అక్కడికి రక్తాన్ని ఎక్కువగా పంపుతుంది. ఆ చోట ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బి, నొప్పి పెడుతుంది. పని అయ్యాక కాపలా వెనక్కి మళ్లితే మంచిదే. మళ్లకుండా అక్కడే తిష్ఠ వేస్తే కీలునే తినేస్తుంది.

ఈ పని చేయించే పదార్థాలు అనేకం. వాటిలో ప్రోస్టాగ్లాండిన్లు ఒక రకం. ఆస్పిరిన్ మాత్ర వీటి తయారీని ఆపుతుందని ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో తేల్చారు. అందుకు 1982లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మాత్ర ఒక తూము మూసేస్తుంది. కానీ వాపు కాలువకు తూములు చాలా ఉన్నాయి.

ఒక్క మూలిక చాలదా?

కషాయంలో పలు దినుసులు కలపడంలోని కిటుకు ఇక్కడే ఉంది. సొంఠిలోని ఘాటు పదార్థాలు ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి. సాంబ్రాణి జాతికి చెందిన సల్లకి బంక ల్యూకోట్రయీన్లనే మరో రకాన్ని అడ్డుకుంటుంది. పసుపులోని కుర్కుమిన్, వాపు పదార్థాలు తయారు చేయమని కణానికి అందే ఆజ్ఞనే నెమ్మదింపజేస్తుంది. ఇవన్నీ ప్రయోగశాలల్లో కనబడిన సంగతులు. ఏ ఒక్కటీ తూమును పూర్తిగా మూయదు. అన్నీ కలిసి తలా కొంచెం దించుతాయి.

అయితే పసుపు ఒక్కటే తింటే ఒంటికి పట్టేది చాలా తక్కువ. 1998లో బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు కుర్కుమిన్‌తో పాటు మిరియాలలోని పైపరిన్ ఇచ్చి చూశారు. రక్తంలో చేరిన కుర్కుమిన్ సుమారు 20 రెట్లు పెరిగింది. పసుపు పాలలో మిరియపు పొడి వేసే ఇల్లాలు తెలియకుండానే ఈ సూత్రం పాటిస్తోంది. యోగరాజ గుగ్గులు వంటి మందుల్లో సొంఠి, మిరియాలు, పిప్పళ్లు తప్పకుండా చేరడం గమనించదగినది.

చైనా వైద్యులదీ ఇదే దారి. వారి యోగంలో ఒక మూలిక రాజు, ఒకటి మంత్రి, ఒకటి సహాయకుడు, ఒకటి దారి చూపే దూత. మన అల్లం, పసుపు, అతిమధురం అక్కడా వాడుకలో ఉన్నవే.

పరీక్షలో నిలిచిందా?

మోకాలి అరుగుదల ఉన్న 440 మందిపై మన దేశంలోనే 24 వారాలు జరిపిన పరీక్ష ఫలితాలు 2013లో వెలువడ్డాయి. సొంఠి, తిప్పతీగ, ఉసిరి, సల్లకి కలిపిన మందులు నొప్పి తగ్గించడంలో సెలికాక్సిబ్ అనే మాత్రతో సమానంగా నిలిచాయి. కానీ ఆ మందులు వాడిన కొందరికి కాలేయ పరీక్షలో తేడా కనిపించింది. పనిచేసే మందుకు చెడు చేసే శక్తీ ఉంటుంది. అతిమధురం ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది. రక్తం పలుచబరిచే మాత్రలు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా పసుపు గొట్టాలు మింగరాదు.

ఏ వాపుకు ఏ మందు?

అన్ని వాపులూ ఒకటి కావు. కోనసీమకు బోదకాలు కొత్త కాదు. అది దోమ తెచ్చే పురుగు వల్ల వస్తుంది. కషాయానికి లొంగదు. వేళ్ల కీళ్లు రెండు చేతులకూ ఉబ్బి, పొద్దున్నే గంటసేపు బిగిసిపోతే అది కీళ్లవాతం కావచ్చు. ఆలస్యం చేస్తే వేళ్లు వంకరపోతాయి.

ఈ రెండింటికీ వాడే మందుల వెనుక గోదావరి జిల్లాల బిడ్డే ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లకముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. 1940లలో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో ఆయన నాయకత్వాన బోదకాలుకు హెట్రజాన్, తర్వాత కీళ్లవాతానికీ పనికొచ్చిన మెథోట్రెక్సేట్ తయారయ్యాయి. ఆయుర్వేదం తెలిసిన ఆయనకు మాత్రతో వైరం లేదు.

పొట్లం విప్పేముందు

అసలు భయం పేరులేని పొడితో. ఏళ్లనాటి నొప్పి రెండు పూటల్లో మాయమైతే సంతోషించడం కాదు, అనుమానించాలి. మూలికల పేరిట అమ్మే కొన్ని పొడుల్లో స్టెరాయిడ్లు కలిపినట్టు దేశంలో పలుమార్లు బయటపడింది. వాటివల్ల ముఖం ఉబ్బుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అలాంటి పొడి నెలల తరబడి వాడినవారు ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే. పొట్లం పట్టుకెళ్లి డాక్టరుకు చూపించాలి.

మూలిక మారినా ముప్పే. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మందులో ఒక చైనా వేరుకు బదులు మరో వేరు కలిసింది. వంద మందికి పైగా మూత్రపిండాలు చెడిపోయాయి. ఆ వేరు మన గట్ల మీద కనిపించే గాడిదగడపాకు జాతిదే.

కొనే మందు డబ్బాపై దినుసుల పేర్లు, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు ఉండాలి. వాపుతో జ్వరం వచ్చినా, ఒక కాలే ఉబ్బి ఎర్రబడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మిగతా నొప్పులకు వావిలాకు కాపడం పొయ్యి మీద ఎలాగూ ఉంది. అందులో ఏం వేశారో వేసినవారికి తెలుసు. పొట్లంలో ఏముందో అమ్మినవాడిని అడగాలి. చెప్పకపోతే కొనకూడదు.