మారని తెల్లంగీ, మారిన కవరాల్

2010 జనగణనలో ఖతార్ జనాభా దాదాపు 17 లక్షలు. 2020 నాటికి 28 లక్షలు దాటింది. అందులో సొంత పౌరులు పదిమందికి ఒక్కరు, మహా అయితే ఇంకాస్త ఎక్కువ. పదేళ్లలో అక్కడి దుస్తులు ఎందుకు మారాయో, ఎందుకు మారలేదో తెలియాలంటే ముందు ఈ లెక్క చూడాలి. చుట్టూ ఉన్నవాళ్లంతా బయటివాళ్లే అయినప్పుడు, ఎవరు స్థానికులో ఒంటిమీది బట్టే చెప్పాలి. అందుకే ఖతారీ మగవాళ్ల తోబ్, అంటే ఆ పొడవాటి తెల్లంగీ, తెల్లగానే ఉండిపోయింది.

అలాగని అందులో సొగసు లేదనుకోవద్దు. ఎమిరేట్స్ అంగీకి కాలరు ఉండదు, మెడ దగ్గర కుచ్చు వేలాడుతుంది. ఖతారీ అంగీకి మన చొక్కాలా నిటారు కాలరు ఉంటుంది. తలగుడ్డ మీద బిగించే నల్లతాడు నుంచి రెండు తోకలు వీపు మీదికి జారుతాయి. బట్ట జపాన్ మిల్లుదైతే గొప్ప. దర్జీ దగ్గర పట్టింపులన్నీ కాలరు, కఫ్, బట్ట రకం గురించే. ఆడవాళ్ల పై అంగీ అబాయాకు మాత్రం కొంత స్వేచ్ఛ దొరికింది. నలుపు పక్కన లేత రంగులు వచ్చాయి, ముందువైపు తెరిచి ఉండే కోతలూ వచ్చాయి.

పెద్ద మార్పు అతిథుల్లో కనిపిస్తుంది. 2014లో దోహాలో ఒక ప్రచారం నడిచింది: విదేశీయులు భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలని. ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఫుట్‌బాల్ ప్రపంచకప్ అభిమానులు తమ జట్ల రంగుల్లో తోబ్‌లు, తలగుడ్డలు కొనుక్కుని వీధుల్లో తిరిగారు. అల్ తుమామా స్టేడియాన్నయితే అక్కడి మగవాళ్లు తలగుడ్డ కింద పెట్టుకునే గహ్ఫియా టోపీ ఆకారంలోనే కట్టారు. 2022 డిసెంబర్ 18న, కప్పు గెలిచిన అర్జెంటీనా కెప్టెన్ మెస్సీ భుజాలపై ఖతార్ అమీర్ షేక్ తమీమ్ బిష్ట్ అనే నల్లటి పై అంగీ కప్పారు. పలచని బట్ట, బంగారు జరీ అంచు, ధర దాదాపు 8,000 రియాళ్లు. దాన్ని అమ్మిన సూక్ వాఖిఫ్ బజారు దుకాణంలో మామూలుగా రోజుకు 8 నుంచి 10 బిష్ట్‌లు పోయేవి. ఆ మర్నాడు 150 పోయాయని ఏఎఫ్‌పీ వార్తాసంస్థ రాసింది.

అయితే నన్నడిగితే, ఆ దశాబ్దంలో ఖతార్‌లో నిజంగా మారిన దుస్తులు కవరాల్, అంటే కూలీలు ఒంటినిండా తొడుక్కునే పని సూట్. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వెళ్లినవాళ్లు నిర్మాణ సైట్లలో వేసుకునేది అదే. దాని ఫ్యాషన్‌ను నిర్ణయించేది ఎండ. స్టేడియం పనివాళ్ల కోసం ప్రపంచకప్ నిర్వాహకులు స్టేకూల్ అనే సూట్ తెచ్చారు. తడిపి తొడుక్కుంటే నీరు ఆవిరవుతూ ఒంటిని చల్లబరుస్తుంది, చర్మం వేడిని 8 డిగ్రీల దాకా తగ్గిస్తుందన్నారు.

చట్టం మాత్రం అందరికీ వర్తించేలా మారింది. 2007 నిబంధన ప్రకారం జూన్ 15 నుంచి ఆగస్టు 31 దాకా, 78 రోజులు, ఉదయం 11.30 నుంచి మధ్యాహ్నం 3 వరకు బయట పని ఆపాల్సి ఉండేది. 2021 ఉత్తర్వుతో అది జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాకా, 107 రోజులు. వేళలు ఉదయం 10 నుంచి 3.30. వేడి, తేమ కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపేయాలి. అదే ఉత్తర్వు బట్టల గురించీ చెప్పింది: యజమాని ఇచ్చే రక్షణ దుస్తులు తేలిగ్గా, వదులుగా, లేత రంగులో ఉండాలి. 2021 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన కనీస మూలవేతనం నెలకు 1,000 రియాళ్లు. అంటే మెస్సీ బిష్ట్ ఖరీదు ఒక కూలీ ఎనిమిది నెలల మూలవేతనం.

ఖతార్ వెళ్తున్న తమ్ముళ్లకు ఒక్క మాట: ముదురు రంగు మందపాటి కవరాల్ ఇస్తే ఈ ఉత్తర్వు గుర్తుచేసి తేలికది అడగండి. రక్షణ దుస్తుల ఖర్చును జీతంలోంచి కోయకూడదని అక్కడి కార్మిక చట్టంలోనే ఉంది.