పొద్దుటి టిఫిన్‌కు రాత్రే పని మొదలు

ఎనిమిదింటికి స్కూలు బస్సు, తొమ్మిదింటికి ఆఫీసు ఉన్న ఇంట్లో పొద్దున వంటకు దొరికేది అరగంట. ఆ అరగంటలో బలమైన తిండి వండడం కుదరదనుకుని తిరుపతి, చిత్తూరు లాంటి ఊళ్లలో ఎన్నో కుటుంబాలు బ్రెడ్డుకో, బిస్కెట్లకో, వీధి చివరి బండి మీది పూరీలకో అలవాటు పడుతున్నాయి. లెక్క ఇక్కడే తప్పుతోందని నా అభిప్రాయం. ఈ సీమలో పొద్దుటి కూడుకు కావలసిన పని చాలావరకు రాత్రే జరిగిపోయేది. పిండి పులవడం, గింజ మొలకెత్తడం, సంగటి నీళ్లలో నానడం మనం నిద్రపోతుండగానే సాగే పనులు. ఈ పాత పద్ధతికి నేటి పోషకాహార శాస్త్రంలో గట్టి సమర్థన ఉంది.

ముందు అసలు ప్రశ్న తేల్చుకోవాలి: పొద్దున తినడం అంత అవసరమా? పిల్లల విషయంలో అవసరమే. పెద్దవాళ్ల మెదడు ఒంటి శక్తిలో ఐదో వంతు ఖర్చు చేస్తుంది. ఎదిగే పిల్లల మెదడు వాటా ఇంకా ఎక్కువ. రాత్రి ఎనిమిదింటికి తిన్న బిడ్డ మధ్యాహ్నం బడి భోజనం దాకా ఆగాలంటే పదహారు గంటల ఉపవాసం. జమైకా గ్రామాల బడుల్లో 814 మంది పిల్లలపై ఒక విద్యా సంవత్సరం పాటు చేసిన పరీక్ష ఫలితాలు 1998లో వెలువడ్డాయి. సగం మందికి రోజూ ఉదయాహారం పెట్టారు, మిగతావాళ్లకు నారింజపండులో పావు ముక్క ఇచ్చారు. తిన్న పిల్లల హాజరు, ఎత్తు, బరువు కొద్దిగా మెరుగుపడ్డాయి. చిన్న తరగతుల వాళ్లు లెక్కల్లో ముందుకొచ్చారు. పెద్దవాళ్ల సంగతి వేరు. పొద్దున తింటే బరువు తగ్గుతారన్న మాట నిలబడలేదు. 13 ప్రయోగాలను కలిపి చూసి 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్షలో, పొద్దున తిన్నవాళ్లే రోజు మొత్తం మీద సుమారు 260 కేలరీలు ఎక్కువ తిన్నట్టు తేలింది. కానీ ఆ ప్రయోగాలు సంపన్న దేశాల్లో, పెద్దల మీద జరిగినవి. వాటిని చూపించి మన పిల్లలను ఖాళీ కడుపుతో బడికి పంపడం న్యాయం కాదు. పెద్దవాళ్లు అడగవలసిన ప్రశ్న కూడా తినాలా వద్దా అన్నది కాదు, పళ్లెంలో ఏముందన్నదే.

ఆ పళ్లెంలోకి మొదట రావలసింది రాగి. చిత్తూరు, పలమనేరు, కుప్పం పల్లెల్లో రాగి సంగటి ఇప్పటికీ రోజువారీ కూడే. తిరుపతి దగ్గరి పెరుమాళ్లపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం రాగి మీద ఏళ్ల తరబడి పనిచేస్తోంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం, 11 గ్రాముల పీచు ఉంటాయి. అంతే బియ్యంలో కాల్షియం పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. అయితే ఉన్నదంతా ఒంటికి పట్టదు. గింజలోని ఫైటేట్లు, టానిన్లు కాల్షియాన్నీ ఇనుమునూ పట్టి ఉంచుతాయి. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించి పట్టించిన పిండిలో ఫైటేట్లు తగ్గుతాయి. నెలకోసారి ఈ పని చేసుకుంటే పొద్దున జావకు పది నిమిషాలు చాలు. 2023 మార్చి 21 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు బెల్లం వేసిన రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు, మిగతా మూడు రోజులు అంతకుముందు నుంచే ఇస్తున్న చెనక్కాయల చిక్కీ. ఆ కూర్పు బాగుంది. రాగిలో మాంసకృత్తులు ఏడు శాతమే. చెనక్కాయల్లో 23 శాతం పైనే.

ఇక్కడ షుగరు ఉన్నవాళ్ల నుంచి సరైన అభ్యంతరమే వస్తుంది: జావ తాగితే చక్కెర పెరుగుతోంది కదా? పెరుగుతుంది. మెత్తటి పిండిని పల్చగా కాస్తే అది త్వరగా జీర్ణమై నెత్తురులోకి చేరుతుంది, బెల్లం పడితే ఇంకా వేగంగా. వాళ్లకు సద్ది సంగటి మేలు. రాత్రి మిగిలిన ముద్దను నీళ్లలో వేసి, పొద్దున మజ్జిగ పోసి పిసికి, ఎర్రగడ్డ నంజుకుని తినే ఆ కూడులో ఒక రసాయన మార్పు జరుగుతుంది. ఉడికి చల్లారిన పిండిపదార్థంలో కొంత భాగం మళ్లీ గట్టిపడి చిన్నపేగులో అరగకుండా పెద్దపేగుకు చేరి అక్కడి మేలుచేసే సూక్ష్మజీవులకు తిండి అవుతుంది. అలాగని ఎంతైనా తినొచ్చని కాదు, ముద్ద పరిమాణం చూసుకోవలసిందే. ఎండాకాలంలో నీళ్లు, కుండ శుభ్రంగా లేకపోతే ప్రమాదం కూడా.

రాత్రే పని జరిగిపోయే పద్ధతి ఇడ్లీకీ వర్తిస్తుంది. రుబ్బిన పిండిని రాత్రంతా పులియబెట్టేది లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్‌ను మినప్పప్పు భర్తీ చేస్తుంది. దానికి చెనక్కాయల చట్నీ తోడైతే ఏ డబ్బా సీరియల్‌కూ తీసిపోదు.

దీన్నంతా ఒక్క గ్లాసు టీ చెడగొట్టగలదు. టీలోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. టిఫిన్‌తో పాటే టీ తాగే అలవాటును ఒక గంట వెనక్కి జరిపి, పళ్లెంలో నిమ్మకాయ పిండుకుంటే ఖర్చు లేకుండా కొంత మేలు జరుగుతుంది.

రాత్రి పని అంటే మళ్లీ ఆడవాళ్ల నెత్తినే కదా అన్నది అన్నిటికంటే బరువైన ఆక్షేపణ. నిజమే, ఇన్నాళ్లూ జరిగింది అదే. కానీ ఈ పనుల్లో వంట నైపుణ్యం కావలసింది తక్కువ. పెసలు నానేయడం, మిగిలిన సంగటిని నీళ్లలో వేయడం, రాగులను గుడ్డలో మూటకట్టడం, గ్రైండరు కడగడం భర్తకూ పన్నెండేళ్ల కొడుకుకూ చేతనయ్యేవే. రాత్రి భోజనం అయ్యాక ఒక్కొక్కరూ పది నిమిషాలు పంచుకుంటే పొద్దున ఆరున్నరకు అమ్మ ఒక్కతే పొయ్యి ముందు నిలబడనక్కర్లేదు. ఆమె కూడా బస్సెక్కే లోపు కూర్చుని తినగలుగుతుంది.