గళ్ళ కాగితముపై అడవి

అమీరుపేట కూడలిలో నిలిచి చూచువారికి భవనములు, దుకాణములు, మెట్రో స్తంభములు తప్ప వేరొకటి కానరాదు. అయినను పంజగుట్ట దాటి పడమరగా కొంతదూరము పోయినచో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనము కలదు. బండరాళ్ళు, ముళ్ళపొదలు, నెమళ్ళు గల ఈ వనమును ప్రభుత్వము జాతీయ ఉద్యానవనముగా ప్రకటించినది. అమీరుపేటకు ఉత్తరముగా బాలానగరులో జాతీయ దూరసంవేదన కేంద్రము ఉన్నది. ఉపగ్రహ చిత్రములను పరిశీలించి దేశమునకు అందించుట ఆ సంస్థ పని.

ఉపగ్రహ చిత్రము గళ్ళ కాగితము వంటిది. రిసోర్సుశాట్ ఉపగ్రహములోని ఒక కెమెరా తీయు చిత్రమున ఒక్కొక్క గడి నేలపై సుమారు 24 మీటర్ల చదరమునకు సమానము. ప్రతి గడికిని ఒక అంకె ఉండును. పచ్చని ఆకు ఎఱ్ఱని కాంతిని మ్రింగి, కంటికి కానరాని పరారుణ కాంతిని వెనుకకు పంపును. ఈ రెండింటి భేదమును బట్టి గడిలోని పచ్చదనమును లెక్కింతురు. ఇది ఒక పొర. నేల వాలు రెండవ పొర. నీటికి గల దూరము మూడవ పొర. వీనిని ఒకదానిపై నొకటి పేర్చి చూతురు.

అంకెలు వేలకొలది ఉండును. చేయదగిన నిర్ణయములు కొన్నియే. కావున అంకెలను తరగతులుగా విభజింపవలెను. భారత అటవీ సర్వేక్షణ సంస్థ లెక్కలో చెట్ల కొమ్మలు నేలను నూటికి 70 పాళ్ళు, అంతకు మించి కప్పినచో అది మిక్కిలి దట్టమైన అడవి. 40 నుండి 70 వరకు మధ్యరకము. 10 నుండి 40 వరకు పలుచని అడవి. పదికి తక్కువైన అటవీభూమి పొదల నేల.

ఇచ్చట ఒక చిక్కు కలదు. 39, 41 దగ్గరి అంకెలే. కాని వేర్వేరు తరగతులలో పడును. 41, 69 దూరపు అంకెలు. అవి ఒకే తరగతిలో చేరును. పొరలకు మార్కులిచ్చి కూడినపుడు మరియొక చిక్కు వచ్చును. చెట్లకు 3, నీటికి 1 వచ్చిన గడికిని, రెండింటికిని 2 చొప్పున వచ్చిన గడికిని మొత్తము నాలుగే. స్వభావములు మాత్రము వేరు.

అన్నిటికంటె పెద్ద చిక్కు ఋతువు. మన గుట్టలపై పెక్కు చెట్లు వేసవికి ముందే ఆకు రాల్చును. ఏప్రిల్ చిత్రమున బీడువలె కన్పించిన గడి అక్టోబరు చిత్రమున పచ్చగా నుండును. వేసవి చిత్రము నొక్కదానినే నమ్మి “పనికిరాని నేల” అని వ్రాసినచో, నేడు గొడ్డలియు, రేపు ఇటుకయు అచ్చటికి చేరును.

అందువలన జాగరూకులైనవారు రెండు ఋతువుల చిత్రములను పోల్చి, హద్దులలోని గడులను స్వయముగా నడిచి చూచి, పిదప పేరు పెట్టుదురు. బాలలారా! పటముపై ఒక గడికి రంగు వేయుట చిన్న పనిగా తోచవచ్చును. ఆ గడిలోని చెట్టు, పుట్ట, పక్షి బ్రతుకు ఆ రంగుపై ఆధారపడి యున్నవని మరువరాదు.