సత్రం గది, సొంత పెట్టె

మన సంఘం విందుల్లో డాక్టర్లు ఒక మూల, ఇంజనీర్లు ఒక మూల చేరడం అందరికీ తెలిసిందే. ఆ రెండు మూలల్నీ కలిపే ఫిర్యాదు ఒకటుంది. "నిన్న పెట్టుకున్న సెట్టింగులు ఇవాళ లేవండీ, కంప్యూటరు నన్ను మరిచిపోయింది" అంటారు డాక్టర్లు. "అది మీ కంప్యూటరు కాదు కదండీ" అంటారు ఇంజనీర్లు. ఇద్దరి మాటా నిజమే. ఒక ఆసుపత్రి కంప్యూటరు విభాగంలో పనిచేసేవాడిగా ఈ రెండు మాటలూ రోజూ వింటున్నాను. ఈ మతిమరుపు వెనక ఉన్న సంగతేమిటో, దాన్ని చిన్న అసౌకర్యంగా కొట్టిపారేయడం ఎందుకు తప్పో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వర్చువల్ డెస్క్‌టాప్ అనే సత్రం

బల్ల మీద కనిపించే తెర, కీబోర్డు, చిన్న డబ్బా కిటికీ లాంటివి. అసలు విండోస్ నడిచేది ఎక్కడో డేటా సెంటరులోని సర్వరు మీద. అక్కడ ఒక మూలప్రతిని సిద్ధం చేసి, దాని నుంచి వందల కొద్దీ డెస్క్‌టాపులు తయారుచేస్తారు. ఉదయం మీరు లాగిన్ కాగానే వాటిలో ఖాళీగా ఉన్నదేదో మీకు దొరుకుతుంది. సైన్ అవుట్ కాగానే దాన్ని తుడిచేసి మళ్ళీ మూలప్రతిలా చేస్తారు. ఒక్కొక్కరికీ ఒక డెస్క్‌టాపును శాశ్వతంగా కేటాయించే పద్ధతి కూడా ఉంది కాని, దానికి ఖర్చూ శ్రమా ఎక్కువ.

తుడిచేసే పద్ధతిలో లాభాలు చాలా ఉన్నాయి. బల్ల మీది డబ్బాను ఎవరైనా ఎత్తుకుపోయినా రోగుల వివరాలు దానిలో ఉండవు. భద్రతా సవరణలు వస్తే వేయి కంప్యూటర్ల దగ్గరికి తిరగనక్కరలేదు, మూలప్రతిని ఒక్కదాన్ని సరిచేస్తే చాలు.

మన ఊళ్ళ సత్రాలు గుర్తున్నవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. యాత్రికుడు వెళ్ళగానే గది కడిగి, చాప దులిపి, తర్వాత వచ్చినవారికి ఇస్తారు. ఈసారి ఏ గది దొరుకుతుందో ఎవరికీ తెలియదు. గది సత్రానిది, పెట్టె యాత్రికుడిది. ఆ పెట్టెనే కంప్యూటరు భాషలో యూజర్ ప్రొఫైల్ అంటారు.

విండోస్‌లో ఈ పెట్టె అడుగున 'ఎన్‌టియూజర్.డాట్' అనే ఫైలుంటుంది. అక్షరాల సైజు, మౌసు ఎడమచేతి వాటమా కుడిచేతి వాటమా, ఏ కీబోర్డు, ఏ ప్రింటరు లాంటి వేల చిన్న ఇష్టాలు అందులోనే ఉంటాయి. పైన డాక్యుమెంట్లు, 'యాప్‌డేటా' అనే ఫోల్డరు. ఒక్కొక్క ప్రోగ్రాము తన సామాను దాచుకునేది అక్కడే. డాక్టరు గారు ఏళ్ళ తరబడి డిక్టేషన్ ప్రోగ్రాముకు నేర్పిన మాటలు కూడా చాలాసార్లు ఆ మూలనే ఉంటాయి.

పెట్టె మోసిన పద్ధతులు

1996లో వచ్చిన విండోస్ ఎన్‌టి 4.0 కాలంలో దీనికి రోమింగ్ ప్రొఫైల్ అనే పద్ధతి వాడారు. లాగిన్ అయినప్పుడు పెట్టె మొత్తాన్నీ సర్వరు నుంచి కాపీ చేసుకోవడం, వెళ్ళేటప్పుడు తిరిగి సర్వరుకు కాపీ చేయడం. పెట్టె చిన్నదైనంత కాలం ఇబ్బంది లేదు. కాని పెట్టె ఒక గిగాబైటుకు పెరిగితే లెక్క చూడండి. 100 మెగాబిట్ల నెట్‌వర్కు మీద, మరెవ్వరూ వాడకుండా ఉన్నా, అది రావడానికి 80 సెకన్లు పడుతుంది. అదే నిమిషంలో వందమంది లాగిన్ అయితే చెప్పనక్కరలేదు.

మరో చిక్కు కూడా ఉంది. ఒక డాక్టరు క్లినిక్కులో ఒక డెస్క్‌టాపు, వార్డులో ఇంకొకటి తెరిచి ఉంచారనుకుందాం. క్లినిక్కులో సెట్టింగులు మార్చి సైన్ అవుట్ అయ్యారు. గంట తర్వాత వార్డులో సైన్ అవుట్ అయ్యారు. అక్కడున్న పాత ఎన్‌టియూజర్ ఫైలు సర్వరుకు వెళ్ళి కొత్తదాని నెత్తిన కూర్చుంటుంది. చివర వచ్చినవాడి మాటే చెల్లుబాటు. "నిన్న పెట్టుకున్నవి ఇవాళ లేవు" అనే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఇదే.

విండోస్ 2000తో ఫోల్డర్ రీడైరెక్షన్ వచ్చింది. డాక్యుమెంట్ల వంటి బరువైన సామాను సర్వరులోనే ఉంచి, దారి మాత్రం చూపిస్తుంది కాబట్టి పెట్టె తేలికైంది. ఆ తర్వాత సిట్రిక్స్, వి.ఎం.వేర్ వంటి కంపెనీలు అడిగిన ఫైలును అడిగినప్పుడే తెచ్చిపెట్టే ప్రొఫైల్ మేనేజర్లను తెచ్చాయి.

ఇప్పుడు విరివిగా వాడుతున్నది కంటైనర్ పద్ధతి. 2018 నవంబరులో మైక్రోసాఫ్ట్ కొనుక్కున్న ఎఫ్.ఎస్.లాజిక్స్ దీనికి పేరుపడ్డది. ఇందులో పెట్టెలోని సామాను ఒక్కొక్కటీ తీసి కాపీ చేయరు. మనిషి ప్రొఫైల్ అంతా ఒకే వర్చువల్ డిస్కు ఫైలులో ఉంటుంది. లాగిన్ కాగానే ఆ డిస్కును ఉన్నపళాన డెస్క్‌టాపుకు తగిలిస్తారు. విండోస్‌కు అది తన సొంత డిస్కులాగే కనిపిస్తుంది. కావలసిన ముక్కలు కావలసినప్పుడు చదువుకుంటుంది.

ఇదీ సర్వరోగ నివారిణి కాదు. మామూలు అమరికలో ఆ డిస్కులోకి రాసే హక్కు ఒక సమయంలో ఒక సెషనుకే ఉంటుంది. ఎక్కడో ఒక సెషను బిగుసుకుపోతే పెట్టె అక్కడే తాళం పడి ఉండిపోతుంది. ఆ డిస్కులన్నీ ఉన్న ఫైలు సర్వరు ఆగితే అందరి పెట్టెలూ ఒక్కసారే మాయం. అందుకే రెండు చోట్ల నకళ్ళు ఉంచే ఏర్పాటు చేసుకోవాలి.

ఏడు గంటల వేళ

ఇదంతా సౌకర్యానికి సంబంధించిన గొడవ అనుకునేవారు ఉదయం ఏడు గంటలకు, షిఫ్టు మారే వేళ, ఒక వార్డులో నిలబడి చూడాలి. మా విభాగం తరఫున నేను చూశాను. ఒక నర్సు లాగిన్ కొట్టింది. తెర మీద గుండ్రంగా చుక్కలు తిరుగుతున్నాయి. రోగికి మందు వేళయింది. పక్కన రాత్రి షిఫ్టు నర్సు తెర తెరిచే ఉంది. ఆమె ఆ తెర మీదే మందు ఇచ్చినట్లు నమోదు చేసి వెళ్ళిపోయింది. మందు సరైనదే, వేళ సరైనదే, రోగీ సరైనవాడే. రికార్డులో పేరు మాత్రం మందు ఇవ్వని మనిషిది.

1996 నాటి హిపా చట్టం కింద వచ్చిన భద్రతా నియమం, వాడేవారిలో ప్రతి ఒక్కరికీ విడిగా గుర్తింపు ఉండాలంటుంది. కాగితం మీద మాకు అది ఉంది. కాని లాగిన్ ఆలస్యమైన చోట మనుషులు ఉన్న దారి వెతుక్కుంటారు. "మీ తెర కోసం రోగి ఆగడు కదా" అని ఒక సీనియర్ నర్సు నాతో అంటే ఎదురు చెప్పడానికి నాకు మాట లేకపోయింది. ఆమెకు పాస్‌వర్డు పంచుకోవద్దని పాఠం చెప్పి లాభం లేదు. పెట్టె బరువు తగ్గించాలి.

విప్పి చూస్తే బరువంతా చెత్తదే. బ్రౌజరు దాచుకున్న వేలాది చిన్న ఫైళ్ళు, మీటింగు ప్రోగ్రాముల తాత్కాలిక సామాను, పాత లాగ్ ఫైళ్ళు. వాటిని మోయవద్దని మినహాయింపులు రాశాము. దానితోపాటు బ్యాడ్జి తాకించే పద్ధతి పెట్టారు. ఒక గదిలో బ్యాడ్జి తాకించి వెళ్ళిపోతే సెషను మూసుకుపోదు, తెగుతుంది అంతే. ఇంకో గదిలో తాకిస్తే అదే సెషను అక్కడ తెరుచుకుంటుంది. అంటే పెట్టె విప్పేది షిఫ్టుకు ఒక్కసారే. పక్కవారి తెర వాడే అలవాటు ఆ తర్వాత తగ్గింది.

ఏది మనిషిది, ఏది గదిది

ఇన్నేళ్ళ పనిలో నాకు తేలిందేమిటంటే, ఈ విద్యలో కష్టమైన భాగం సాఫ్ట్‌వేరు కాదు. ఏది మోయాలి, ఏది వదలాలి అన్న విచక్షణ. అందుకు మూడు కుప్పలు పోయాలి.

మొదటిది మనిషిది. నలభై దాటి చత్వారం వచ్చిన డాక్టరుకు పెద్ద అక్షరాలు, ఎడమచేతి వాటం నర్సుకు మౌసు మీటల మార్పు, డిక్టేషన్ మాటలు, బ్రౌజరు గుర్తులు. ఇవి ఎక్కడికెళ్ళినా వెంట రావాలి. పెద్ద అక్షరాలు రాకపోతే మందు మోతాదులో చుక్క కనబడకపోవచ్చు.

రెండవది చెత్త. పైన చెప్పాను.

మూడవదాన్నే ఎక్కువమంది మరిచిపోతారు. అది గదిది. ప్రింటరే తీసుకోండి. మూడో అంతస్తులో ఎంచుకున్న ప్రింటరు డాక్టరు వెంట ఆరో అంతస్తుకు వచ్చిందనుకోండి. ఆరో అంతస్తు రోగి కాగితాలు మూడో అంతస్తులో, ఎవరూ లేని చోట, అందరికీ కనబడేలా పడి ఉంటాయి. కాబట్టి ప్రింటరును మనిషి ప్రొఫైలులో ఉంచకూడదు. ఏ గదిలో కూర్చున్నారో చూసి ఆ గది ప్రింటరు ఇవ్వాలి.

ఇక వెళ్ళిపోయినవారి పెట్టెలు. అమెరికాలో రెసిడెంట్లు సాధారణంగా జూలై 1 ప్రాంతంలో మారతారు. వందమంది వెళ్ళి, ఒక్కొక్కరి డిస్కు పది గిగాబైట్లనుకుంటే, ఒక టెరాబైటు దిక్కులేని సామాను. ఎన్నాళ్ళు ఉంచాలో, ఎవరు తీసేయాలో ముందే రాసిపెట్టుకోవాలి.

తెలుగు కీబోర్డు చెప్పే నీతి

ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు మందుల వివరం తెలుగులో రాసివ్వాలని మన డాక్టరు ఒకరు ముచ్చటపడ్డారు. తెలుగు కీబోర్డు పెట్టుకున్నారు. ఇంట్లో తయారుచేసిన కాగితం ఆసుపత్రిలో తెరిస్తే అక్షరాల రూపం మారి, వరసలు జారిపోయాయి. కీబోర్డు ఎంపిక మనిషి పెట్టెలో ఉంటుంది కనుక అది వెంట వచ్చింది. ఫాంటు సాధారణంగా గదికి చెందినది, మూలప్రతిలో ఉండాలి. విండోస్ ఎక్స్‌పీతో 2001లో వచ్చిన గౌతమి ఫాంటు విండోస్ 10లో అడిగితేనే వేసుకునే అదనపు సామాను అయింది. మామూలుగా ఉండేది నిర్మలా. మూలప్రతిలో గౌతమిని చేర్చమని అడిగితే అరగంట పని. అడగాలని తెలియాలి, అంతే.

వాడేవారికి నాలుగు మాటలు

పని ముగిశాక తెర మూసి వెళ్ళిపోకుండా సైన్ అవుట్ కండి. పెట్టె సర్దుకునేది అప్పుడే. పెద్ద ఫైళ్ళు డెస్క్‌టాపు మీద పరచకండి, ఆఫీసువారు చూపిన చోట దాచండి. 'తాత్కాలిక ప్రొఫైలుతో లాగిన్ అయ్యారు' అన్న హెచ్చరిక కనిపిస్తే అక్కడితో ఆగండి. ఆ ప్రొఫైలులో దాచినది సైన్ అవుట్ కాగానే పోతుంది. బయటికి వచ్చి హెల్ప్‌డెస్కుకు ఫోను చేయండి. ఫిర్యాదు చేసేటప్పుడు "పనిచేయడం లేదు" అని ఊరుకోకుండా ఏ గది, ఎన్ని గంటలు, ఏ సెట్టింగు పోయింది అన్నవి చెప్పండి. రోగి "ఒంట్లో బాగాలేదు" అని మాత్రమే అంటే మీరెన్ని ప్రశ్నలు వేస్తారో గుర్తు చేసుకోండి.

ఇంజనీరు మిత్రులకు ఒకే మనవి. మినహాయింపుల పట్టిక రాయడానికి ముందు ఒక్క ఉదయం ఏడు గంటలకు వార్డుకు వెళ్ళి నిలబడండి. ఎవరి పెట్టెలో ఏముండాలో అక్కడ తెలిసినంతగా డేటా సెంటరులో తెలియదు.