తేమ కడ్డీకి ఎట్టి బ్యాటరి తగును?

మన గ్రామములలో కొందరు యువకులు మట్టిలోని తేమను కొలుచు కడ్డీలను ఇంటివద్దనే అమర్చుకొనుచున్నారు. ఇది మెచ్చదగిన పని. అయితే కడ్డీ యందు చూపు శ్రద్ధ దానికి శక్తి నిచ్చు బ్యాటరి యందు చూపుట అరుదు. దీనివలన కలుగు నష్టమును, దానిని తప్పించుకొను మార్గమును సోదర రైతులకు మనవి చేయుచున్నాము.

అంగళ్లలో దొరకు కెపాసిటివు రకపు కడ్డీ పొడిమట్టిలో ఎక్కువ వోల్టును, తడిమట్టిలో తక్కువ వోల్టును చూపును. రెగ్యులేటరు లేనిచో, బ్యాటరి క్షీణించిన కొలది ఈ అంకెయు తగ్గును. అనగా ఎండిన నేల తడిసిన నేలవలె కనబడును! వేరుసెనగ ఊడలు దిగు తరుణమున ఇట్టి అంకెను నమ్మి ఒక తడి మానినచో దిగుబడి తగ్గక మానదు.

ఇంటి కరెంటుతో నడచు చౌక ఛార్జరు ఈ పనికి తగదు. దానినుండి వచ్చు అలజడి వలన అంకె నిలకడగా నుండదు; తడి నేలలో ప్రాణాపాయము కూడ కలదు. పవర్ బ్యాంకులలో పెక్కు, కరెంటు మిక్కిలి తక్కువగా లాగు పరికరము తగిలించినచో, తమంతట తామే ఆగిపోవును.

ఇక 9 వోల్టుల చిన్న బ్యాటరి. చూచుటకు సులువుగా నున్నను, దాని నిల్వ సుమారు 500 మిల్లీఆంపియరు గంటలు మాత్రమే. మంచి ఆల్కలైను పెన్ను సెల్లు నిల్వ 2000కు మించును. కడ్డీ 5 మిల్లీఆంపియర్లు లాగు ననుకొన్నచో మొదటిది 100 గంటలును, రెండవది 400 గంటలును నడచును.

కావున మూడు ఆల్కలైను పెన్ను సెల్లులను వరుసగా కూర్చి 4.5 వోల్టులు పొంది, దానిని 3.3 వోల్టుల రెగ్యులేటరు ద్వారా కడ్డీకి పంపుట మేలని మా అభిప్రాయము. స్వల్ప వోల్టు భేదముతోనే పనిచేయు రెగ్యులేటరును ఎన్నుకొనవలెను. అప్పుడు సెల్లులు కొంత క్షీణించినను అంకె మారదు. కడ్డీ నడచుచుండగా మల్టీమీటరుతో చూచి, మొత్తము 3.6 వోల్టులకు దిగినంతనే మూడింటిని ఒక్కసారే మార్చవలెను. పాత కొత్త సెల్లులను కలుపరాదు. మరల ఛార్జి చేయదగు నికెలు సెల్లు ఒక్కొక్కటి 1.2 వోల్టులే గనుక అవి నాలుగు కావలెను.

అంకె చూచునప్పుడు మాత్రమే స్విచ్చి వేయుడు. రెండు లోహపు పుల్లల కడ్డీ గలవారికి ఇది మరింత ముఖ్యము. ఏలయనగా నిరంతరము కరెంటు పారినచో పుల్ల తినివేయబడును. పంట ముగిసిన పిదప సెల్లులను తీసి వేరుగా నుంచుడు. లేనిచో అవి కారి పరికరమును చెరచును.

వారమున కొకసారి కడ్డీని గుర్తువరకు గ్లాసెడు నీటిలో ముంచి అంకెను వ్రాసికొనుడు. అది మునుపటి అంకెతో సరిపోలనిచో ముందు బ్యాటరిని పరీక్షించుడు. పిదపనే మడికి నీరు పెట్టు మాట తలచుడు.