సీతాఫలాన్ని పొయ్యి మీద పెట్టొద్దు

దసరా, దీపావళి రోజుల్లో చార్మినార్ చుట్టుపక్కల ఏ సందులో చూసినా సీతాఫలం, దానిమ్మ, జామ బండ్లే. మూడూ ఒకేసారి వచ్చి పడతాయి కాబట్టి ధర పడిపోయేదీ, కాయ కుళ్లిపోయేదీ కూడా అప్పుడే. పాతబస్తీ వంటిళ్లల్లో వీటిని కోసుకు తినేసి ఊరుకోరు. పాలల్లో, పెరుగులో, షర్బత్‌లో వాడతారు. అయితే వాడే తీరు తెలియకపోతే పాలూ, పండూ రెండూ పారబోసుకోవాల్సి వస్తుంది.

ఎక్కువ ఇబ్బంది పెట్టేది సీతాఫలమే. మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ పేరుతోనే ఒక రకం ఉందంటే మన నేలకూ దీనికీ ఎంత చుట్టరికమో చెప్పనక్కర్లేదు. కాయ పక్వానికి వచ్చిందో లేదో కళ్లను చూసి చెప్పొచ్చు. కళ్ల నడుమ సందు విచ్చుకుని, అక్కడ లేత పసుపు తిరిగితేనే కోయాలి. కళ్లు విచ్చని కాయను ఎంత మగ్గేసినా తొక్క నల్లబడుతుందే తప్ప తీపి రాదు. పక్వమైన కాయ కోసిన రెండు మూడు రోజులకే మెత్తబడుతుంది. పచ్చికాయల్ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చలికి తొక్క నల్లబడి, లోపల సరిగా పండదు.

బాసుంది చేసేవారు లీటరు చిక్కటి పాలను సగమయ్యేదాకా మరిగించి, 100 గ్రాముల పంచదార, చిటికెడు యాలకుల పొడి వేసి దించేయాలి. పూర్తిగా చల్లారాకే కప్పు గుజ్జు కలపాలి. చాలామంది తొందరపడి వేడి పాలల్లోనే వేస్తారు. వేడి తగిలితే సీతాఫలం గుజ్జు చేదెక్కుతుంది, రంగూ మారుతుంది. ఆ తర్వాత ఎంత పంచదార పోసినా ఆ చేదు పోదు. గుజ్జును గింజలతో సహా మిక్సీలో తిప్పడమూ తప్పే. గింజలో విషగుణం ఉంది, చిట్లితే చేదు కూడా. ఆ గింజల పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. జల్లెడ మీద చేత్తో రుద్దితే గుజ్జు దిగుతుంది, గింజ మిగులుతుంది. కాస్త ఓపిక కావాలి, అంతే. ఎక్కువ గుజ్జు ఉంటే గాలి చొరని డబ్బాలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు. మొజంజాహీ మార్కెట్లో సీతాఫలం ఐస్‌క్రీంకు అంత గిరాకీ ఎందుకో ఇంట్లో ఓసారి చేసి చూస్తే తెలుస్తుంది.

ఇక దానిమ్మ. చాన్నాళ్లు తోటను ఎండగట్టి ఒక్కసారిగా నీళ్లు పెట్టినా, ఎండల తర్వాత వాన పడినా కాయ పగులుతుంది. బోరాన్ లోపం కూడా ఇందుకో కారణం. పగిలిన కాయను బాటసింగారం మార్కెట్టుకు తోలినా కిరాయి కూడా రాదు. బూజు, చీమలు పట్టనివి ఏరి అదే రోజు వాడుకోవాలి. బిర్యానీ పక్కన వడ్డించే పెరుగు చట్నీలో పచ్చిమిర్చి, పుదీనాతో పాటు గుప్పెడు గింజలు వేస్తే కారానికి మంచి జోడీ. వడ్డించేముందే వేయాలి, లేకుంటే పెరుగు నీరొదిలి పలచబడుతుంది. గింజలు ఎండబెట్టి అనార్‌దానా చేద్దామనుకునేవారికి ఓ మాట. దానికి పుల్ల దానిమ్మ కావాలి. మన తోటల్లోని భగువా తియ్యటిది, ఎండినా ఆ పులుపు రాదు.

షర్బత్‌కు లీటరు రసానికి కిలో పంచదార, నాలుగు నిమ్మకాయల రసం పోసి, సన్నటి సెగ మీద పంచదార కరిగేదాకా ఉంచి వడగట్టాలి. స్టీలు గిన్నే వాడాలి. ఇనుప మూకుడులో చేస్తే కాయలోని వగరు ఇనుముతో కలిసి రసం నల్లబడుతుంది. గింజల మధ్య తెల్లపొరను కూడా తీసేయాలి, లేకపోతే వగరు మిగులుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి మూడు వారాల్లో వాడేయాలి.

జామ గురించి చెప్పేదేముంది! దోరకాయలైతే ఉప్పుకారం చాలు. జామలో పెక్టిన్ దండిగా ఉంటుంది కాబట్టి ముక్కలు ఉడికించి వడగట్టిన నీటిలో పంచదార, నిమ్మరసం వేసి కాస్తే జెల్లీ గడ్డకడుతుంది. గరిటె వాలిస్తే దాని అంచున చుక్కలు కాకుండా పలకలా జారినప్పుడు దించేసి, వేడి మీదే సీసాలో పోసుకోవాలి.