కదలిక కూడా చదువే: కాలేజీ పిల్లలకు వ్యాయామం నేర్పిద్దాం



పదో తరగతి వరకు మన పిల్లలు బడిలో ఏదో ఒక ఆట ఆడుతూనే ఉంటారు. ఇంటర్‌లో చేరగానే ఆట ఆగిపోతుంది. పొద్దున క్లాసులు, సాయంత్రం స్టడీ అవర్లు, ఆదివారం పరీక్షలు. ఆడపిల్లల విషయంలో ఇంకా ముందే, పెద్దమనిషి అయిన నాటి నుంచే గ్రౌండుకు వెళ్ళడం మానిపిస్తాం. డిగ్రీకి వచ్చేసరికి చాలామంది పిల్లలు వరుసగా అయిదు నిమిషాలు కూడా పరుగెత్తలేరు. కింద కూర్చుని, చేయి ఆనించకుండా లేవలేని పిల్లలు కూడా ఉన్నారు. ఇరవై ఏళ్ళకే మోకాలి నొప్పి, నడుము నొప్పి, మెడ నొప్పి అంటూ ఆసుపత్రికి వచ్చే వారిని మేము తరచుగా చూస్తున్నాం.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి, తండాల నుంచి, ఏజెన్సీ గూడేల నుంచి వేలాది పిల్లలు చదువు కోసం ఈ మూడు పట్టణాలకు వస్తున్నారు. కొన్ని కాలేజీల్లో మంచి గ్రౌండు, ఓపిక గల ఫిజికల్ డైరెక్టర్ ఉన్నారు. కొన్ని అంతస్తుల భవనంలో నడుస్తున్నాయి, అక్కడ నిలబడి చేతులు చాపడానికి కూడా చోటుండదు. మీ బిడ్డ ఎక్కడ చదువుతున్నా, తల్లిదండ్రులుగా మీరు తెలుసుకోవలసిన మాట ఒకటి ఉంది. శరీరాన్ని సరిగా కదిలించడం పుట్టుకతో వచ్చే విద్య కాదు. అక్షరాలు నేర్పినట్టే దాన్నీ నేర్పాలి. ఎవరైనా దగ్గరుండి నేర్పే చివరి అవకాశం చాలామందికి కాలేజీలోనే దొరుకుతుంది.

నోటిఫికేషన్ పడ్డాక మొదలయ్యే పరుగు

పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడగానే మన పట్టణాల్లో గ్రౌండ్లన్నీ తెల్లవారుజామునే నిండిపోతాయి. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగపిల్లలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. దానికి తోడు లాంగ్‌జంప్, షాట్‌పుట్ ఉంటాయి. చిన్నప్పటి నుంచి ఆడుతున్న పిల్లలకు ఇవి పెద్ద కష్టం కాదు. కానీ మూడు నాలుగేళ్ళు కదలకుండా కూర్చున్న పిల్లవాడు మొదటి రోజే పూర్తి దూరం పరుగెత్తాలని చూస్తాడు. వారం తిరిగేసరికి కాలి ముందు ఎముక పొడవునా నొప్పి మొదలవుతుంది. మడమ వాస్తుంది, మోకాలు పట్టేస్తుంది. నొప్పి మాత్ర వేసుకుని మళ్ళీ పరుగెత్తుతాడు. ఎముకలో సన్నని పగులు వచ్చాక గానీ డాక్టరు దగ్గరికి రాడు.

ఇందులో పిల్లవాడి పొరపాటు తక్కువ. ఎలా పరుగెత్తాలో, ఎంతతో మొదలుపెట్టాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

పొలం పని చేస్తే చాలదా?

ఈ ప్రశ్న మమ్మల్ని చాలామంది పెద్దలు అడుగుతుంటారు. సెలవుల్లో పత్తి ఏరే, మిరపకాయ తెంపే, నాటు వేసే పిల్లలకు వ్యాయామం దేనికని వారి అనుమానం. కష్టం చేసే శరీరానికి బలం ఉంటుంది, నిజమే. అయితే ఆ పనుల్లో ఒకే కదలిక గంటల తరబడి సాగుతుంది. వంగిన నడుము వంగే ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు వేగంగా పనిచేసే అవకాశం తక్కువ. ఒంటికాలి మీద నిలబడడం, దూకి దిగడం, విసరడం, పట్టుకోవడం ఆ పనిలో రావు. పైగా ఏడాదిలో కొన్ని వారాలే ఆ పని, మిగతా నెలలన్నీ బెంచీ మీదే.

వెనుకటి పిల్లలకు ఆటలే ఈ కదలికలు నేర్పేవి. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి నిలకడ వచ్చేది. చిర్రగోనెతో కన్ను, చేయి కలిసి పనిచేసేవి. ఏడు పెంకులాటలో గురి, కబడ్డీలో ఊపిరి, ఖోఖోలో చప్పున దిశ మార్చడం అలవడేవి. వీధిలో ఆ ఆటలు తగ్గాయి, చేతిలోకి ఫోను వచ్చింది. అందుకే ఇప్పుడు పనిగట్టుకుని నేర్పవలసి వస్తోంది.

ఎంత వ్యాయామం కావాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 17 ఏళ్ళ లోపు పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం అవసరం. అంటే ఇంటర్ పిల్లల్లో చాలామంది ఈ లెక్కలోకే వస్తారు. 18 ఏళ్ళు దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవాలి, లేదా 75 నిమిషాలు గట్టిగా చెమట పట్టే వ్యాయామం చేయాలి. దీనికి తోడు వారానికి రెండు రోజులు కండరాల బలానికి కేటాయించాలి.

మన దేశంలో పరిస్థితి వేరుగా ఉంది. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, 2022 నాటికి భారతీయ పెద్దల్లో దాదాపు సగం మందికి చాలినంత వ్యాయామం లేదు. ఆడవారిలో నూటికి 57 మంది, మగవారిలో 42 మంది అలా ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్లు దాటారు. నలభై ఏళ్ళకు బయటపడే షుగరు, బీపీలకు పునాది ఇరవై ఏళ్ళ వయసులోనే పడుతుంది. ఎముకల గట్టిదనం కూడా ముప్పై ఏళ్ళ లోపే దాదాపు పూర్తిగా కూడుతుంది. తర్వాత దాన్ని కాపాడుకోవడమే మిగులుతుంది.

ఏమేమి నేర్పాలి?

కాలేజీ పిల్లలకు ఈ ఆరు కదలికలు వస్తే చాలు, మిగతా ఆటలన్నీ వాటి మీదే నిలుస్తాయి.

1. కూర్చుని లేవడం: పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మడమలు నేలకు ఆనించి, మోకాళ్ళు లోపలికి ఒరగకుండా గుంజీలు తీయాలి.

2. వంగి బరువు ఎత్తడం: నడుము గుండ్రంగా వంచకూడదు. తుంటి దగ్గర వంగి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవాలి. బియ్యం బస్తా ఎత్తినా, నీళ్ళ బిందె ఎత్తినా పద్ధతి ఇదే.

3. నెట్టడం, లాగడం: మొదట గోడకు చేతులానించి, తర్వాత బెంచీ మీద, ఆ తర్వాత నేల మీద దండీలు తీయాలి.

4. నిలకడ: ఒంటికాలి మీద అర నిమిషం నిలబడాలి. తర్వాత కళ్ళు మూసుకుని ప్రయత్నించాలి.

5. దూకి దిగడం: పిల్లి దూకినట్టు చప్పుడు కాకుండా, మోకాళ్ళు వంచి దిగాలి. మోకాళ్ళు బిగబట్టి దిగితేనే కీళ్ళకు దెబ్బ. ఆడపిల్లలకు ఇది తప్పనిసరిగా నేర్పాలి. ఆటల్లో మోకాలి లోపలి లిగమెంట్ తెగే ప్రమాదం వారికే ఎక్కువ.

6. పరుగు: తల నిటారుగా, భుజాలు వదులుగా ఉంచి, చిన్న అంగలతో పాదాన్ని ఒంటి కిందనే మోపాలి.

నేర్పే తీరు కూడా ముఖ్యమే. ముందు చేసి చూపాలి, తర్వాత నెమ్మదిగా చేయించాలి. ఒకసారికి ఒక్క తప్పే దిద్దాలి. అది కుదిరాకే వేగం పెంచాలి, చివరికి ఆటలో పెట్టాలి. పదిహేడేళ్ళ పిల్లలకు నలుగురి ముందు నవ్వులపాలవుతామన్న భయం ఎక్కువ. అందుకని చిన్న చిన్న జట్లుగా విడదీసి, ఎవరి కొలతను వారి పాత కొలతతోనే పోల్చాలి. కాలేజీ జట్టుకు ఎంపికైన పదిమందిని మాత్రమే ఆడించి మిగతావారిని గట్టు మీద కూర్చోబెట్టకూడదు. వ్యాయామం ఎక్కువ అవసరం ఆ కూర్చున్నవారికే.

పన్నెండు వారాల మెట్లు

వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట చాలు. మొదటి అయిదు నిమిషాలు నడిచి ఒళ్ళు వేడెక్కించాలి. మొదటి రెండు వారాలు ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక, మళ్ళీ పరుగు. ప్రతి రెండు వారాలకు పరుగు కాస్త పెంచుతూ, నడక కాస్త తగ్గిస్తూ పోవాలి. పన్నెండో వారానికి ఇరవై నిమిషాలు ఆగకుండా పరుగెత్తగలుగుతారు. పక్కవారితో మాట్లాడగలిగేంత వేగమే సరైన వేగం. మాట పెగలకపోతే వేగం తగ్గించాలి. మధ్యలో రెండు రోజులు గుంజీలు, దండీలు, నిలకడ సాధన చేయాలి. మార్చి నుంచి జూన్ వరకు ఎండ ఎక్కక ముందే ముగించాలి, నీళ్ళు దగ్గర పెట్టుకోవాలి.

ముందుగా డాక్టరును కలవవలసినవారు

పరుగెత్తేటప్పుడు ఛాతీ నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడినా, గుండె అదురు ఎక్కువైనా వెంటనే ఆపి పరీక్ష చేయించుకోవాలి. చిన్నప్పుడు కీళ్ళ వాపు జ్వరం వచ్చినవారు, ఇంట్లో చిన్న వయసులోనే ఎవరైనా హఠాత్తుగా మరణించినవారు ముందే చూపించుకోవాలి. జ్వరం ఉన్న రోజు పరుగు వద్దు.

ఆడపిల్ల త్వరగా ఆయాసపడుతోందంటే బద్ధకమని కోప్పడకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. ముందు రక్తం చూపించండి. కొత్తగూడ, గంగారం, మహాముత్తారం, పలిమెల వంటి మండలాల పిల్లలు సికిల్ సెల్ పరీక్ష కూడా చేయించుకుంటే మేలు. ఆ లక్షణం ఉన్నవారు ఆడవచ్చు. కాకపోతే మెల్లగా పెంచాలి, నీళ్ళు బాగా తాగాలి, అలసినప్పుడు ఆపాలి.

సంఘాలకు ఒక మాట

శరీర సాధన వల్ల లాభం కొద్దిపాటిదేనని పౌలు తిమోతికి రాశాడు గదా అని కొందరు విశ్వాసులు అంటుంటారు. దైవభక్తితో పోల్చి చెప్పిన మాట అది. అసలు లాభం లేదని ఆయన అనలేదు. శరీరం దేవుని ఆలయమని కొరింథీ సంఘానికి రాసినవాడూ ఆయనే.

ఈ పరిచర్య మన సంఘాలకు కొత్తది కూడా కాదు. మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌కు తొలి బిషప్‌గా 1912లో అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య, అంతకు ముందు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేసినవారే. మన ఊళ్ళలో ఆడే వాలీబాల్ 1895లో అమెరికాలోని ఒక వై.ఎం.సి.ఎ.లో పుట్టింది. అదే సంస్థ తరఫున హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణ ప్రారంభించారు.

నేర్పేవారు దొరికితే ఏం జరుగుతుందో చూడాలంటే దూరం పోనక్కరలేదు. పక్కనున్న వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి కూలి కుటుంబంలో, బుద్ధిమాంద్యంతో పుట్టిన ఆడబిడ్డ. కోచ్ నాగపురి రమేష్ శిక్షణలో ఎదిగి, 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం తెచ్చింది. అందరికీ పతకాలు రావు. కానీ నొప్పి లేకుండా నడిచే మోకాళ్ళు, ఆయాసపడని గుండె అందరికీ కావాలి.

కనుక ఈ నెల మూడు పనులు చేయమని మిమ్మల్ని కోరుతున్నాం. కాలేజీకి వెళ్ళినప్పుడు మార్కులతో పాటు వారానికి ఎన్ని గంటలు గ్రౌండులో గడుపుతున్నారో అడగండి. ఆడపిల్లలకు ట్రాక్ ప్యాంటు, సరైన బూట్లు కొనివ్వండి, ఆడుకోనివ్వండి. చర్చి ఆవరణలో స్థలం ఉంటే సాయంత్రం ఒక గంట యువతకు తెరిచి ఉంచండి, పెద్దవారు ఒకరిద్దరు తోడుగా ఉండండి. క్రిస్మస్‌కు నేర్చుకునే కోలాటాన్ని ఏడాది పొడవునా సాగించినా అది మంచి వ్యాయామమే.

దేవుడు మీ పిల్లలకు ఆరోగ్యాన్నీ బలాన్నీ దయచేయును గాక.